పిలువని పేరంటము: సజీవశిలల కథ

పిలువని పేరంటమునకు వచ్చినవారిని ఏమి చేయవలెనన్నది ప్రతి ఇంటిలోను ఎప్పుడో ఒకప్పుడు ఎదురగు చిక్కు. వచ్చినవారు ఎవరో తెలిసికొనక పూర్వమే తలుపు మూయుట మర్యాద కాదు. తెలిసికొనకుండ పీట వేయుటయు క్షేమము కాదు. ఉప్పునీటి అక్వేరియమును పెంచువారికి ఈ చిక్కు నిత్యమును ఉండును. వారి గాజుతొట్టిలోనికి వారు కోరి తెచ్చుకొన్న చేపలు నాలుగైనచో, కోరక వచ్చిన ప్రాణులు నాలుగు వందలు. ఆ కోరని అతిథుల చరిత్రను, వారిని గుర్తించు మార్గమును ఈ ప్రసంగమున క్లుప్తముగా చెప్పదలచినాము.

సముద్రపు చేపలను పెంచువారు తొట్టి అడుగున కొన్ని రాళ్లను పేర్తురు. అవి చూచుటకు వట్టి రాళ్లవలెనే ఉండును. నిజమునకు అవి చనిపోయిన పగడముల అస్థిపంజరములు. వాని నిండ సన్నని రంధ్రములు. ఆ రంధ్రములలో కోట్లకొలది బాక్టీరియా నివసించుచు, చేపలు విడిచిన అమ్మోనియాను ముందు నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చును. ప్రాణవాయువు చొరని లోలోపలి గదులలో మరికొన్ని బాక్టీరియా ఆ నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి వెలికి పంపును. ఈ విధముగా నీటిని శుభ్రపరచు పనిలో పెద్దపాలు రాయియే చేయుచున్నది. అందుచేత దానికి సజీవశిల అని పేరు కలిగినది. రాయి బ్రదికియుండదు, రాతియందు బ్రదుకు ఉండును.

అయితే సముద్రమునుండి వచ్చిన రాయి బాక్టీరియాను మాత్రమే మోసికొని రాదు. దాని సందులలో పురుగులు, పీతలు, రొయ్యలు, నత్తలు, స్పంజిలు, నాచులు, సముద్రపుష్పములు దాగియుండును. ఇవి టిక్కెట్టు లేని ప్రయాణికులు. కొన్ని ఇంటికి మేలు చేయును, కొన్ని ఊరక పడియుండును, కొన్ని కొంప ముంచును. ఏది ఏదో తెలియుటయే ఇందలి విద్య.

ఈ విద్యకు ఇంచుమించు 180 ఏండ్ల చరిత్ర కలదు. 1846వ సంవత్సరమున ఇంగ్లండులోని టార్కీ తీరమున ఆన్నా థిన్ అను మహిళ కొన్ని రాతిపగడములను సేకరించి లండనునకు తీసికొనిపోయెను. ప్రయాణములో కుదుపులకు అవి దెబ్బతినకుండుటకై సూదీదారములతో వానిని ఒక స్పంజికి కుట్టి, జాడీలోని సముద్రజలమున ఉంచెను. లండను చేరిన పిదప ఆ నీటికి గాలి తగులుటకై ఆమె పనికత్తె తెరచిన కిటికీ దగ్గర నిలిచి, మన ఇండ్లలో కాఫీ తిరుగబోసినట్లు, ఆ నీటిని ఎత్తి పోయుచుండెడిది. 1847లో ఆమె సముద్రపు మొక్కలను కూడ తెప్పించి తొట్టిలో వేసెను. మొక్కలు వెలుతురులో ప్రాణవాయువును విడుచును గనుక పనికత్తె శ్రమ తగ్గెను. ఆమె పెంచిన పగడములు లండను నగరము నడుమ సుమారు మూడేండ్లు జీవించినవి.

1850లో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు మంచినీటిలో ఇట్టి ప్రయత్నమునే చేసెను. బంగారు చేపలను, నీటిమొక్కను కలిపి పెట్టగా కొంతకాలమునకు మొక్క ఆకులు క్రుళ్లి నీరు చెడెను. అప్పుడాయన కొన్ని నత్తలను వదలెను. నత్తలు క్రుళ్లిన ఆకులను తినివేయగా నీరు మరల తేటపడెను. చిన్న సంగతియే, కాని అందులో పెద్ద నీతి కలదు. ఎంగిళ్లను ఎత్తివేయువారు లేని ఇల్లు ఎంత అందమైనదైనను నిలువదు. నేడు సజీవశిలపై పాకు పురుగును చూచి జడియు ప్రతి గృహస్థుడును ముందుగా జ్ఞప్తికి తెచ్చుకొనవలసినది వారింగ్టన్ నత్తలనే.

పిమ్మట ఫిలిప్ హెన్రీ గాస్ వచ్చెను. 1853లో లండను రీజెంట్స్ పార్కు జంతు ప్రదర్శనశాలలో ప్రపంచమున మొట్టమొదటి బహిరంగ అక్వేరియము తెరువబడినది. దానికి కావలసిన సముద్రజీవులను సేకరించి పంపినవారిలో గాస్ ముఖ్యుడు. 1854లో ఆయన ప్రచురించిన గ్రంథమే అక్వేరియము అను పదమును ఇంటింటి మాటగా చేసినది. సముద్రపు నాచును పెరికి తెచ్చినచో బ్రదుకదనియు, అది అంటియున్న రాతిముక్కను ఉలితో చెక్కి రాతితో సహా తేవలెననియు ఆయన ఎరుగును. సజీవశిలను ఇంటికి తెచ్చు ఆచారమునకు ఇదియే ఆది అనవచ్చును.

ఆ గ్రంథమును చదివి ఇంగ్లండులోని మధ్యతరగతి కుటుంబములు సుత్తులు, ఉలులు, బుట్టలు పట్టుకొని సముద్రతీరములకు బయలుదేరినవి. కొలది ఏండ్లలోనే ఎన్నో రాతిగుంటలు బోసిపోయినవి. గాస్ కుమారుడు ఎడ్మండ్ 1907లో వెలువరించిన తన జ్ఞాపకములలో, తండ్రి వర్ణించి చూపిన అందమును చూడవచ్చినవారే ఆ అందమును తుడిచిపెట్టిరని విచారపడినాడు. ఈ విచారము మరల మరల వినవచ్చును గనుక దీనిని ఇచట గుర్తు పెట్టుకొందము.

ఈ ప్రాణులలో కొన్ని ఎంత గట్టివో తెలుపు కథ ఒకటి కలదు. 1828లో స్కాట్లండు తీరమున సర్ జాన్ డాలియెల్ ఒక చిన్న సముద్రపుష్పమును పట్టి గాజుపాత్రలో పెట్టెను. సముద్రపుష్పమనునది పుష్పము కాదు, జంతువు; నోటి చుట్టును రేకులవలె తంతువులు కలిగి, వానితో ఎరను కుట్టి తినును. డాలియెల్ 1851లో మరణించెను. సముద్రపుష్పము మరణింపలేదు. ఒకరి చేతినుండి ఒకరి చేతికి మారుచు, వందలకొలది పిల్లలను కని, 'గ్రానీ' అనగా అవ్వ అను ముద్దుపేరుతో ప్రసిద్ధి పొంది, 1887లో కన్నుమూసెను. పట్టిన పిదపనే 59 ఏండ్లు! ఆటుపోట్ల నడుమ ఎండకును వానకును తట్టుకొనుటకు అలవాటుపడిన ప్రాణికి గాజుపాత్ర ఒక లెక్క కాదు.

ఇవి కనబడు అతిథుల కథలు. కనబడని అతిథి కథ మరింత విచిత్రమైనది. 1883లో, సముద్రమునకు దూరముగానున్న ఆస్ట్రియా దేశపు గ్రాట్స్ నగరమున, ఫ్రాంజ్ ఐల్‌హార్డ్ షుల్ట్సె అను ఆచార్యుడు తన విశ్వవిద్యాలయపు ఉప్పునీటి తొట్టి గోడలపై బూడిదరంగు మరకవంటి దానిని చూచెను. అది కొలది మిల్లీమీటర్ల వెడల్పు గలది. సూక్ష్మదర్శినితో చూడగా మెల్లగా పాకుచుండెను. దానికి నోరు లేదు, కడుపు లేదు, నరములు లేవు. దానికాయన ట్రైకోప్లాక్స్ అడ్హేరెన్స్ అని పేరు పెట్టెను. అంటుకొనియుండు రోమముల పలక అని దాని అర్థము. 1907లో మరియొక పండితుడు అది స్వతంత్రజీవి కాదనియు, జెల్లీచేపకు బంధువైన ఒక ప్రాణి యొక్క పిల్లరూపమనియు తేల్చివేసెను. పాఠ్యగ్రంథములు దానినే నమ్మినవి. ఇంచుమించు 60 ఏండ్లు దానిని పట్టించుకొన్నవారు అరుదు. తుదకు కార్ల్ గ్రెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు దానిని మరల పరిశోధించి, 1971లో దానికై జంతురాజ్యమున ఒక ప్రత్యేక విభాగమునే ఏర్పరచెను. 2008లో దాని జన్యుక్రమము ప్రకటింపబడినది. తొట్టి గోడపై మరకగా భావించి తుడిచివేయదగినది, జంతుజాతి మొదటి రూపమెట్టిదో విచారించువారికి ముఖ్యసాక్షి అయినది. తొందరపడి పేరు పెట్టుటయు, తొందరపడి తుడుచుటయు రెండును నష్టమేనని దీనివలన తెలియుచున్నది.

మన దేశమున మొదటి బహిరంగ అక్వేరియము 1909లో మదరాసు సముద్రతీరమున తెరువబడినది. మదరాసు మ్యూజియము అధ్యక్షుడైన ఎడ్గార్ థర్‌స్టన్ దానిని సంకల్పించెను. నాడు ఆంధ్ర జిల్లాలు మదరాసు రాజధానిలోనివి గనుక, పనులమీద పట్టణమునకు పోయిన మనవారును దానిని చూచి వచ్చెడివారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున అది మూతపడినది.

నేటి ఇంటి తొట్టెలకు దారి చూపినవాడు జకార్తా నివాసి లీ చిన్ ఎంగ్. ఆయన పెద్ద యంత్రములు లేకుండ, సముద్రజలము, వెలుతురు, సన్నని గాలిబుడగలు, బ్రదికియున్న రాళ్లు, వీనితోనే పగడములను చేపలను పెంచి, ఆ పద్ధతిని 1961లో ఒక అమెరికను పత్రికలో వివరించెను. తరువాతి దశాబ్దములలో బెర్లిను నగరపు అక్వేరియము అభిమానులు రాళ్లకు తోడుగా, నీటిలోని మలినమును నురుగుగా తీసివేయు యంత్రమును చేర్చిరి. అప్పటినుండి సజీవశిల పెట్టెలకొలది దేశదేశములకు ఎగుమతి కాజొచ్చెను.

ఇచట ఒక సంగతి గమనింపదగినది. ఈ రాళ్లను సాధారణముగా నీటిలో ముంచి పంపరు. తడి కాగితములు చుట్టి పెట్టెలలో పంపుదురు. దారిలో సుకుమార ప్రాణులు చచ్చును. చచ్చినవి క్రుళ్లి మిగిలినవానికి విషమగును. రాయి దిగిన పిదప కొన్ని వారములు వేరు తొట్టిలో ఉంచి క్రుళ్లును కడుగుదురు. ఇన్ని పరీక్షలకు నిలిచి తల యెత్తిన ప్రాణి ఏదో, అదియే గట్టిది. అనగా మన ఇంటికి వచ్చునవి సముద్రమునకు ప్రతినిధులు కావు, సముద్రమునందలి మొండిఘటములు. వానిని గుర్తించుట ఇందుచేతనే అవసరమగుచున్నది.

గుర్తించుటెట్లు? మొదటిది, రాత్రివేళ చూచుట. వీనిలో పెక్కు చీకటి పడిన గంట రెండు గంటలకు గాని బయటికి రావు. టార్చిలైటుకు ఎర్రని కాగితము చుట్టి చూచినచో అవి అంతగా బెదరవు. రెండవది, వినుట. రేడియో వినుటకు అలవాటుపడిన చెవులు ఇందులకు మిక్కిలి తగినవి. తొట్టినుండి టక్కుమని చిటికె వేసినట్లు ధ్వని వచ్చినచో దోషి ఇద్దరిలో ఒకరు. ఒకటి పిస్తోలు రొయ్య. దాని ఒక డెక్క మిక్కిలి పెద్దది. ఆ డెక్కను మూసినప్పుడు వెలువడు నీటిధారలో ఒక బుడగ పుట్టి పగులును. చప్పుడు ఆ బుడగదేగాని డెక్కలు తాకుటవలన కాదని 2000లో నిరూపింపబడినది. రెండవ ప్రపంచ యుద్ధమున జలాంతర్గాములను కనిపెట్టుటకు నీటిలో దింపిన శ్రవణయంత్రములను కలవరపెట్టిన చిటపట ధ్వని ఈ రొయ్యల గుంపులదేయని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు నిరూపించిరి. ఈ రొయ్య జాతులలో కొన్ని గోబీ అను చిన్న చేపతో ఒకే బొరియలో కాపురముండును. రొయ్య త్రవ్వును, చేప కావలి కాయును. తొట్టిలో దీనిని ఉంచుకొనవచ్చును.

ఆ ధ్వనికి రెండవ కారకుడు మాంటిస్ రొయ్య. ఇది ముందరి కాళ్లను నమస్కరించుచున్నట్లు మడుచుకొని, కాడలపై గల కన్నులను అటునిటు త్రిప్పుచు బొరియలో కూర్చుండును. ఆ నమస్కారమును నమ్మరాదు. దీని జాతులలో కొన్నింటి దెబ్బ సెకనుకు 23 మీటర్ల వేగమును అందుకొనునని 2004లో కొలిచిరి. నత్తలు, పీతలు పగిలిన గవ్వలై మిగులును. దానిని పట్టి వేరు తొట్టిలో పెట్టుటయే మంచిది. ధ్వని ఒకటే, స్వభావములు రెండు; తేడా తెలియుటకు డెక్క ఆకారమును చూడవలెను.

మూడవది, జాడలను చదువుట. పగడముపై గుండ్రని పాలిపోయిన మచ్చలు వరుసగా కనబడినచో చదునుపురుగును అనుమానింపవలెను. కొమ్ము పగడములను తిను అట్టి పురుగు ఒకటి చాలకాలము అక్వేరియముల వారికే తెలిసియుండెను. అది పగడపు రంగులోనే కలసిపోవుటచే చూపునకు అందదు. 2011లో అక్వేరియములలో దొరికిన పురుగులనుబట్టియే దానికి శాస్త్రీయనామము పెట్టిరి. సముద్రమున, ఆస్ట్రేలియా పగడపు దిబ్బలపై, దానిని కనుగొన్న వార్త ఆ పిమ్మటనే, 2012లో, వెలువడినది. దొంగ మొదట ఇంటిలో దొరికి, వాని ఊరు తరువాత తెలిసినది.

నాలుగవది, సంఖ్యను గమనించుట. ఒకటియై ఉండునది వేరు, పదియై వందయగునది వేరు. గోధుమరంగు చిన్న సముద్రపుష్పమైన ఐప్టేసియా ఇందులకు నిదర్శనము. దానిని కత్తితో గీకినచో రాతికి అంటుకొనియున్న ముక్కలు ఒక్కొక్కటి ఒక క్రొత్త ప్రాణి కాగలదు. పురాణములలో రక్తబీజుని కథ వినినవారికి ఇది వింత కాదు. దానిని వేరొక ప్రాణిచే తినిపించుటయే ఉపాయము. బెర్గియా అను చిన్న నగ్ననత్త ఐప్టేసియాను తప్ప మరియొక దానిని ముట్టదు. ఎర తీరినపుడు ఆకలితో తానును తీరిపోవును. పెంపకందార్లు ఇంతగా తిట్టు ఈ ఐప్టేసియానే పరిశోధనశాలలు ప్రేమతో పెంచుచున్నవి. వేడిమికి పగడములు తమలోని సూక్ష్మ శైవలములను కోల్పోయి తెల్లబడి చచ్చుట ఎందుచేతనో తెలిసికొనుటకు ఈ మొండి ప్రాణి ఉపకరించుచున్నది; శైవలములు పోయినను అది బ్రదికియుండగలదు. దాని జన్యుక్రమము 2015లో ప్రకటింపబడినది.

ఐదవది, రూపముచేత మోసపోకుండుట. ప్రక్కల తెల్లని ముండ్లవెంట్రుకలు గల పురుగును చూచిన తోడనే చంపువారు పెక్కుమంది. వానిలో అధికభాగము మిగిలిన తిండిని, చచ్చిన దేహములను తిని నీటిని కాపాడునవియే. వట్టి చేతితో ముట్టరాదు. ముండ్లు విరిగి చర్మమున దిగి మంట పుట్టించును. వాని బంధువగు నిప్పుపురుగు మాత్రము పగడములను తినును. పీతలును అట్లే. ఒడలెల్ల రోమములు, నల్లని డెక్కకొనలు గలవి సాధారణముగా దోపిడీకాండ్రు. కాని కొమ్మపగడముల నడుమ నివసించు ట్రపీజియా అను నున్నని చిన్న పీత, పగడమును తినవచ్చిన ముండ్ల సముద్రనక్షత్రమును గిల్లి తరుముచు తన ఇంటిని కాచుకొనును. దానిని తీసివేయుట కావలివానిని వెళ్లగొట్టుటయే.

అజాగ్రత్త ఎంతవరకు పోగలదో 2009లో ఇంగ్లండులోని న్యూకే పట్టణపు అక్వేరియమున తెలిసినది. పగడములు తెల్లవారుసరికి తెగిపడుచుండెను, ఒక చేప గాయపడెను, పెట్టిన వలలలోని ఎర మాయమగుచుండెను. తుదకు రాళ్లన్నింటిని ఊడదీయగా సుమారు నాలుగడుగుల పొడవుగల సముద్రపు పురుగు బయటపడెను. పిల్లగా ఉన్నపుడు రాతితో కూడ వచ్చి, అచటనే పెరిగినదని భావించిరి. వారు దానిని చంపలేదు. 'బారీ' అని పేరు పెట్టి వేరు తొట్టిలో ఉంచిరి.

తొట్టిలోని అతిథి సముద్రమున పడినచో కథ మారును. 1984లో మొనాకో సముద్రశాస్త్ర మ్యూజియము క్రింది జలములలో కౌలెర్పా టాక్సిఫోలియా అను అక్వేరియపు నాచు ఒక చదరపు మీటరు మేర కనబడినది. 1989 నాటికి అది ఒక హెక్టారు, పిమ్మట మధ్యధరా తీరమున వేల హెక్టార్లు. అదియే 2000లో కాలిఫోర్నియాలో తల యెత్తగా, ప్రజలు, ప్రభుత్వము వెంటనే పూనుకొని నిర్మూలించినందున 2006లో పూర్తిగా తొలగినదని ప్రకటించిరి. మొదటి గడ్డిపోచను గుర్తించుటకును గుర్తింపకపోవుటకును గల భేదము ఇంత. కనుక అక్కరలేని రాయిని గాని, నాచును గాని, ప్రాణిని గాని కాలువలోను సముద్రములోను పారవేయరాదు.

ఇక ఎడ్మండ్ గాస్ విచారమునకు తిరిగి వత్తము. రాళ్లను ఏరుకొనిపోయినచో వానిపై ఆధారపడిన జీవరాశి ఏమగును? ఫ్లోరిడా రాష్ట్రము తన జలములలో సజీవశిల సేకరణను 1989లో నిషేధించెను. 1997 నాటికి అచటి సమాఖ్య జలములలో కూడ అది ఆగిపోయినది. అప్పటినుండి అచటివారు నేలపై త్రవ్విన సున్నపురాతిని కౌలుకు తీసికొన్న సముద్రగర్భమున పరచి, జీవులు అంటుకొనిన పిదప తీసి అమ్ముచున్నారు. మన్నారు సింధుశాఖలో ఒకప్పుడు సున్నమునకును గోడలకును పగడపు రాళ్లను త్రవ్వుకొనెడివారు. 1986లో అచటి దీవులు జాతీయ సముద్రోద్యానముగా ప్రకటింపబడినవి. 2001లో దిబ్బలు కట్టు పగడములన్నియు మన వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలున చేర్చబడినవి. వానిని సేకరించుట, అమ్ముట మన దేశమున నేరము. అందుచేత తొట్టి పెట్టదలచినవారు కాల్చిన మట్టితోను, వట్టి సున్నపురాతితోను ఆరంభించి, బాక్టీరియాను అందులోనే పెంచుకొనుట ధర్మము. కొంచెము ఆలస్యమగును, కాని సముద్రము సముద్రమున ఉండును.

ఈ జీవులను చూచుటకు తొట్టియే కావలెనని లేదు. విశాఖపట్టణమువంటి రాతితీరములున్న చోట్ల ఆటు సమయమున నీరు నిలిచిన గుంటల దగ్గరకు పిల్లలను తీసికొనిపోయి, ఏమియు ముట్టక, ఏమియు తేక, పావుగంట కదలకుండ కూర్చుండిన చాలును. మొదట రాయి మాత్రమే కనబడును. పిదప రాతిపై ఒక నత్త కదలును, ఒక పీత తొంగిచూచును, మూసికొనియున్న సముద్రపుష్పము రేకులు విప్పును. అప్పుడు పిల్లలు ఇది ఏమిటని అడుగుదురు. తెలిసినచో చెప్పవలెను; తెలియనిచో ఇంటికి వచ్చి వారితో కూడ పుస్తకము తెరువవలెను. షుల్ట్సె తొట్టి గోడపైని మరకను చూచి అడిగిన ప్రశ్నయు అదియే.